అందరూ ఒకే గంటకు ఎందుకు రావాలి? నూలు మిల్లు మన రోజును మార్చిన తీరు

మన తాతముత్తాతల మాటల్లో పొద్దుకు ఎన్నో పేర్లుండేవి. కోడి కూసే వేళ, అంబటి వేళ, బారెడు పొద్దెక్కాక, మునిమాపు, దీపాలు పెట్టే వేళ. లెక్క కావాలంటే గడియలూ జాములూ ఉండేవి. గడియంటే 24 నిమిషాలు, జామంటే మూడు గంటలు. వ్యవసాయానికీ వంటకీ పెళ్లి ముహూర్తానికీ ఇవి చాలు. ‘ఉదయం 6.30కి గేటు మూసేస్తారు, ఆ తర్వాత వస్తే కూలి పోతుంది’ అని చెప్పడానికి మాత్రం చాలవు. ఆ అవసరం అప్పట్లో ఎవరికీ రాలేదు.

గేటు, సైరన్, హాజరు పుస్తకం, షిఫ్టు, వారాంతపు సెలవు. ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నట్టే అనిపిస్తాయి కానీ, ఈ రూపంలో మన దేశానికి ఎక్కువగా నూలు మిల్లులతోనే వచ్చాయి. ఎందుకు వచ్చాయంటే యజమానుల లాభాపేక్ష అని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. అది అబద్ధం కాదు. కానీ లాభాపేక్ష అంతకుముందు షావుకార్లకూ ఉండేది. వాళ్లు నేతగాడికి అప్పు ఇచ్చి, చీరలు గుంజుకున్నారే తప్ప, ఏ గంటకు మగ్గం ఎక్కాలో చెప్పలేదు. మిల్లు యజమాని ఎందుకు చెప్పాల్సి వచ్చింది? దీనికి జవాబు సగం ఆర్థికశాస్త్రంలో ఉంటే, మిగతా సగం ఒక ఇనుప ఇరుసులో ఉంది.

ఇంట్లో మగ్గం, ఇంటి లెక్క

గుంట మగ్గం మీద నేసే ఇంట్లో పని అందరిదీ. ఒకరు ఆసు పోస్తారు, ఒకరు కండెలు చుడతారు, ఒకరు నేస్తారు. వాన పడితే పడుగు సాగదీయడం కుదరదు. పండగొస్తే మగ్గం ఆగుతుంది. అప్పు తీర్చాల్సిన గడువు దగ్గరపడితే రాత్రి దీపం పెట్టుకుని నేస్తారు. ఇదేదో స్వర్గమని అనుకోనక్కర్లేదు. గంటల తరబడి కాళ్లు గుంటలో పెట్టి కూర్చునే పని అది, చేతికొచ్చేది తక్కువ. కానీ ఒక సంగతి గమనించండి. ఈ మగ్గాన్ని నడిపే శక్తి నేతగాడి ఒంట్లోంచి వస్తుంది. అతను ఆగితే మగ్గం ఆగుతుంది. అతను ఆగినప్పుడు ఎక్కడా ఏ ఇంధనమూ వృథాగా కాలిపోదు. పక్కింటి మగ్గం నడుస్తుందా లేదా అన్నదానితో అతనికి సంబంధం లేదు.

ఆవిరి యంత్రం మార్చేసింది సరిగ్గా ఈ సంగతినే.

ఒకే ఇరుసు

పాత నూలు మిల్లుకు గుండెకాయ ఒక్కటే యంత్రం. బాయిలర్‌లో బొగ్గు మండుతుంది, ఆవిరి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ ఓ పెద్ద ఫ్లైవీల్‌ను తిప్పుతుంది. అక్కడి నుంచి తాళ్లూ గేర్ల ద్వారా ప్రతి అంతస్తులోనూ పైకప్పు కింద పొడవునా సాగే ఇనుప ఇరుసుకు ఆ తిరుగుడు చేరుతుంది. దీన్నే లైన్ షాఫ్ట్ అంటారు. షాఫ్టు మీద వరసగా కప్పీలు, ఒక్కో కప్పీ నుంచి కిందికి ఓ తోలు బెల్టు, బెల్టు చివర ఒక వడికే యంత్రమో మగ్గమో. వందల యంత్రాలు, వేల కదుర్లు, అన్నింటికీ ఒకే ఆధారం.

ఇందులో మూడు చిక్కులున్నాయి.

చల్లబడిన బాయిలర్‌ను మళ్లీ ఆవిరి స్థాయికి తేవాలంటే గంటలు పడుతుంది. టన్నుల కొద్దీ నీటినీ ఇనుమునూ ఇటుకలనూ ముందు వేడెక్కించాలి. ఆ వేడి నూలు వడకదు. అంటే తెల్లవారుజామునే బొగ్గు ఖర్చు మొదలైపోతుంది, కార్మికుడు ఇంకా గేటు దాటకముందే.

రెండోది రాపిడి. పొడవాటి షాఫ్టులు, వందల బేరింగులు, జారుతూ తిరిగే బెల్టులు కలిసి ఇంజిన్ ఇచ్చే శక్తిలో పెద్ద భాగాన్ని మింగేస్తాయి. చాలాచోట్ల ఇది మూడో వంతు ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఒక్క మగ్గం కూడా నడవకపోయినా ఈ నష్టం తప్పదు. సగం మంది పనివాళ్లే వస్తే బొగ్గు ఖర్చు సగం కాదు. సగం గుడ్డకు దాదాపు ముప్పాతిక బొగ్గు కాలుతుంది.

మూడోది వేగం. పడుగు దారం తెగకుండా ఉండాలంటే షాఫ్టు ఒకే వేగంతో తిరగాలి. జేమ్స్ వాట్ 1788లో తన యంత్రాలకు గవర్నర్ అమర్చింది ఇందుకే. తిరిగే రెండు ఇనుప గుండ్లు వేగం పెరిగితే బయటికి విచ్చుకుని ఆవిరి కవాటాన్ని కాస్త మూస్తాయి, తగ్గితే తెరుస్తాయి. చూడముచ్చటైన ఏర్పాటు. భౌతికశాస్త్రం పాఠాల్లో దీన్ని స్వయం నియంత్రణకు ఉదాహరణగా చెబుతారు. ఆ నియంత్రణ అవతలి కొసన మనిషి ఉన్నాడన్నది మాత్రం పాఠంలో రాదు. యంత్రం అలసిపోయి నెమ్మదించదు కాబట్టి, మధ్యాహ్నం మూడింటికి కూడా అతని చేతులు ఉదయం ఏడింటి వేగంతోనే కదలాలి.

ఈ మూడింటినీ కలిపి చూస్తే గేటు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. షాఫ్టు తిరగడం మొదలైన క్షణానికి ప్రతి మగ్గం దగ్గరా మనిషి ఉండాలి. ఒకరు అంబటి వేళకూ మరొకరు బారెడు పొద్దెక్కాకా వస్తే కుదరదు. గడియారం మిల్లులోకి బొగ్గు లెక్కతో పాటే వచ్చింది.

బొంబాయి పగటి పొడవు

మన దేశంలో ఈ కథ బాగా కనిపించేది బొంబాయిలో. కావస్‌జీ నానాభాయ్ దావర్ 1854లో స్థాపించిన బాంబే స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ 1856లో నూలు వడకడం ప్రారంభించింది. శతాబ్దం ముగిసేనాటికి నగరంలో 80కి పైగా మిల్లులున్నాయి. పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాలకు గిరణ్‌గావ్ అని పేరొచ్చింది. మరాఠీలో మిల్లుల ఊరు అని అర్థం. కొంకణ్, సతారా వైపు నుంచి వచ్చినవారే ఎక్కువ. తెలుగువాళ్లూ తక్కువేమీ కాదు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు నేత విభాగాల్లో చేరారు. అంతకుముందే నిర్మాణపు పనులకు వెళ్లి స్థిరపడిన కామాటీల పేరు మీదే కామాటిపురా ఏర్పడింది.

తొలి దశాబ్దాల్లో బొంబాయి మిల్లులు సూర్యుణ్ని బట్టి నడిచేవి. వెలుతురు రాగానే మొదలు, చీకటి పడగానే ఆపు, మధ్యలో అరగంట విరామం. ఇక్కడ ఓ చిన్న లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. మాంచెస్టర్ దాదాపు 53.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్‌లో పగలు 17 గంటలు, డిసెంబరులో ఏడున్నర. శీతకాలంలో దీపం లేకుండా మిల్లు నడపడం అసాధ్యం. అందుకే 1805 నాటికే అక్కడికి దగ్గర్లోని సాల్ఫర్డ్‌లో, ఫిలిప్స్ అండ్ లీ మిల్లులో, విలియం మర్డాక్ బొగ్గు గ్యాసు దీపాలు వెలిగించాడు. బొంబాయి 19 డిగ్రీల మీద ఉంది. అత్యంత పొట్టి పగలు కూడా 11 గంటలు, అత్యంత పొడుగు పగలు 13 గంటల పైన. దీపం ఖర్చు లేకుండానే ఏడాది పొడవునా సగటున 12 గంటల పని దొరుకుతుంటే యజమానికి గ్యాసుతో పనేముంది? పైగా పత్తి పీచు గాల్లో తేలే గదుల్లో మంట పెట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు.

కానీ కార్మికుడి వైపు నుంచి చూస్తే, ఎండాకాలం వచ్చిందంటే అదే కూలికి రోజుకు రెండు గంటలు ఎక్కువ పని. అప్పటికి సెలవు రోజంటూ నికరంగా లేదు. ఆదివారం మిల్లు ఆగినా, యంత్రాలు తుడవడానికి పూటపాటు వెళ్లాల్సిందే.

1881లో తొలి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని, 7 నుంచి 12 ఏళ్ల పిల్లలతో రోజుకు 9 గంటలకు మించి చేయించకూడదని అది చెప్పింది. పెద్దవాళ్ల గంటల గురించి ఏమీ చెప్పలేదు. ఈ చట్టం కోసం బొంబాయిలో సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ లాంటి సంస్కర్తలు పాటుపడ్డారు. అంతే గట్టిగా దీన్ని కోరుకున్నవాళ్లు మాంచెస్టర్ మిల్లు యజమానులు! బొంబాయి కార్మికుల మీద వాళ్లకు జాలి పొంగుకొచ్చిందని అనుకోవాల్సిన పనిలేదు. పోటీదారు మగ్గాలు ఎక్కువసేపు తిరగడం వాళ్లకు నష్టం.

కార్మికుల తరఫున గొంతు విప్పినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. జ్యోతిరావు ఫూలే సహచరుడు, ‘దీనబంధు’ పత్రిక సంపాదకుడు, స్వయంగా మిల్లులో స్టోర్‌కీపర్‌గా పనిచేసినవాడు. 1884లో ఆయన కూడగట్టిన అర్జీ మీద 5,500 మంది సంతకాలు చేశారు. వాళ్లు అడిగినవి చూడండి. ఆదివారం సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. ఉదయం 6.30కి మొదలై సూర్యాస్తమయంతో ముగిసే పని. నెల జీతం తర్వాతి నెల 15వ తేదీలోగా. పనిలో దెబ్బ తగిలితే పరిహారం. ఇందులో ఓ విచిత్రం ఉంది. పని మొదలయ్యే వేళను గడియారంతోనూ, ముగిసే వేళను సూర్యుడితోనూ చెప్పారు. రెండు కాలాలు ఒకే కాగితం మీద కలుసుకున్న సందర్భమది.

1890 ఏప్రిల్‌లో దాదాపు పదివేల మంది కార్మికులు సభ పెట్టాక మిల్లు యజమానుల సంఘం దిగివచ్చింది. ఆ ఏడాది జూన్ 10న ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. ఆదివారం క్రైస్తవుల సెలవని మనం అనుకుంటాం కానీ, మరాఠీ కార్మికులకు అది ఖండోబా వారం కూడా.

దీపం వచ్చింది, చీకటి పోయింది, విశ్రాంతీ పోయింది

విద్యుద్దీపం మంట లేని దీపం. పీచు గదుల్లో వెలిగించుకోవచ్చు. మిల్లులకు ఇంతకంటే అనువైన వెలుగు లేదు. 1905 నాటికి బొంబాయిలో చాలా మిల్లులు వీటిని బిగించుకున్నాయి. అప్పట్లో నూలుకు గిరాకీ బాగా ఉంది. దాంతో పనిగంటలు 14కూ, కొన్నిచోట్ల 15కూ పెరిగాయి. కొత్త దీపాల కింద పొడిగించిన పనికి వ్యతిరేకంగా కార్మికులు ఆ ఏడాది ఆందోళనలకు దిగారు.

దీన్ని నేను విద్యుత్తు చేసిన ద్రోహంగా చూడను. జరిగిందేమిటంటే, అప్పటిదాకా పనిదినానికి ఉన్న ఏకైక హద్దు చీకటి. ఆ హద్దును ఎవరూ చట్టంలో రాయలేదు, రాయాల్సిన అవసరం కనిపించలేదు. ప్రకృతి పెట్టిన హద్దును సాంకేతికత చెరిపేశాక కానీ, మనుషులు ఒక హద్దు పెట్టుకోవాలన్న ఆలోచన రాలేదు. 1908 నాటి ఫ్యాక్టరీ కార్మిక కమిషన్ విచారణ తర్వాత, 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవారికి కూడా 12 గంటల పరిమితి విధించింది.

ఇదే రోజుల్లో మరో గొడవ జరిగింది. 1906 జనవరి 1 నుంచి ప్రభుత్వం దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం, అంటే గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందున్న కాలం, అమల్లోకి తెచ్చింది. బొంబాయి స్థానిక కాలం గ్రీనిచ్ కంటే 4 గంటల 51 నిమిషాలే ముందుంటుంది. తేడా 39 నిమిషాలు. రైలు ఎక్కే ప్రయాణికుడికి ఇది గడియారం ముల్లు తిప్పుకునే పని. మిల్లు కార్మికుడికి అలా కాదు. గడియారం ప్రకారం అదే వేళకు గేటు తెరిస్తే, అతను సూర్యుడి లెక్కన 39 నిమిషాలు ముందుగా చీకట్లో ఇల్లు వదలాలి. ఆ నెలలోనే కొన్ని మిల్లుల కార్మికులు కొత్త కాలాన్ని ఒప్పుకోమని పని ఆపేశారు. నగరపాలక సంస్థ కూడా చాలాకాలం మొండికేసింది. 1955 వరకు బొంబాయిలో ‘బాంబే టైమ్’ పూర్తిగా పోలేదు.

తడి గాలి, మూసిన కిటికీ

మిల్లులోపలి గాలి గురించి కూడా చెప్పుకోవాలి. పత్తికి ఒక ప్రత్యేకత ఉంది. తడి తగిలితే చాలా పీచులు బలహీనపడతాయి, పత్తి పీచు గట్టిపడుతుంది. పొడి గాలిలో దారం పెళుసుబారి తెగుతుంది, రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి పీచులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే తేమ గాలి ఉండే లాంకషైర్‌లోనూ, సముద్రపు ఒడ్డున బొంబాయిలోనూ మిల్లులు బాగా నిలదొక్కుకున్నాయి. అది చాలనిచోట గదుల్లోకి ఆవిరి వదిలి కిటికీలు మూసేవారు. దారానికి హాయి, మనిషికి ఉక్కపోత.

ఆ మూసిన గదిలో పత్తి దుమ్ము. దాంతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును వైద్యులు బిసినోసిస్ అంటారు. దీని తొలి లక్షణం విచిత్రంగా ఉంటుంది. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ పట్టేసినట్టుంటుంది, వారం గడిచేకొద్దీ తగ్గుతుంది. సెలవు తీసుకుని సోమవారం మళ్లీ వస్తే మళ్లీ మొదలు. అందుకే దీనికి సోమవారం జ్వరం అనే పేరు పడింది. పత్తిమొక్క ముక్కలతో పాటు దుమ్ములో చేరే బ్యాక్టీరియా విషపదార్థాలు ఇందులో ప్రధాన పాత్ర పోషిస్తాయని తర్వాత తేలింది. ఏళ్లు గడిచాక మాత్రం ఆయాసం వారమంతా ఉంటుంది, తగ్గదు. వారం అనే కొలత పుట్టించిన ఫ్యాక్టరీయే, ఆ వారాన్ని అనుసరించి నడిచే జబ్బునూ ఇచ్చింది.

ఇక నేత షెడ్డులో చప్పుడు. నాడె నిమిషానికి 150 నుంచి 200 సార్లు అటూఇటూ దెబ్బ తింటుంది. అలాంటి మగ్గాలు వందల్లో ఉంటే 95 నుంచి 100 డెసిబెల్స్ మోత. లాంకషైర్ నేత స్త్రీలు పెదవుల కదలికతోనే మాట్లాడుకోవడం నేర్చారు. మన దగ్గర సైగలు ఆ పని చేశాయి.

గది, అన్నం, నిద్ర

ఇల్లు, పనిచోటు విడిపోవడంతో ఇంటి రూపం మారింది. గిరణ్‌గావ్ చాళ్లలో ఒకే గదిని పదిమంది మగవాళ్లు పంచుకోవడం మామూలు. పగటి షిఫ్టువాళ్లు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాళ్లు పడుకునేవారు. భార్యాపిల్లలు ఊళ్లోనే ఉండేవారు. మరి అన్నం? ఖానావళీలు పుట్టాయి. కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లు పది పదిహేనుమందికి నెలవారీ లెక్కన వండిపెట్టేవారు. మిల్లు సైరన్ వాళ్ల పొయ్యినీ శాసించేది. తెల్లవారుజామున డబ్బాలు సిద్ధం కావాలంటే వాళ్లు నిద్ర లేచే వేళ ఎంతో ఊహించుకోండి. ఈ పని ఏ హాజరు పుస్తకంలోనూ ఎక్కలేదు.

హాజరు పుస్తకంలో పేరున్నవాడికి పని ఖాయం. లేనివాడు బద్లీ. రోజూ తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడి, ఎవరైనా రాకపోతే ఆ మగ్గం తనకిస్తారేమోనని ఎదురుచూసేవాడు. ఇవ్వాలో వద్దో నిర్ణయించేది ముకద్దం. షాఫ్టు తిరిగేలోపు ప్రతి మగ్గానికీ మనిషి కావాలన్న నిబంధన, గేటు బయట ఎప్పుడూ కొందరు ఖాళీగా నిలబడి ఉండేలా చేసింది.

నిద్ర సంగతి సైన్సు బాగా ఆలస్యంగా పట్టించుకుంది. మన కణాల్లో దాదాపు 24 గంటల లయతో నడిచే గడియారం ఉంది. అది కంటికి చేరే వెలుతురును బట్టి రోజూ సరిచేసుకుంటుంది. ఈ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా పనిచేస్తుందో కనుగొన్న జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో రాత్రి షిఫ్టు పనిని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే వర్గంలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. షాఫ్టు వేగాన్ని మార్చుకోవచ్చు, ఈ లోపలి గడియారాన్ని అంత తేలిగ్గా మార్చలేం.

మోటారు వచ్చాక

1915లో ఖోపోలీ దగ్గర టాటాల జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. పశ్చిమ కనుమల్లో లోనావ్‌లా దగ్గర నిల్వచేసిన వాననీరు 500 మీటర్లకు పైగా ఎత్తు నుంచి గొట్టాల్లో దిగి టర్బైన్లను తిప్పింది. ఆ కరెంటు ముఖ్యంగా బొంబాయి మిల్లుల కోసమే. మొదట్లో ఆవిరి యంత్రం స్థానంలో ఓ పెద్ద మోటారు పెట్టి పాత షాఫ్టులనే తిప్పారు. క్రమంగా యంత్రానికో మోటారు వచ్చింది.

భౌతికశాస్త్రం వైపు నుంచి ఇది చాలా పెద్ద మార్పు. బాయిలర్ వేడెక్కే వరకు ఆగనక్కర్లేదు. షాఫ్టు రాపిడి లేదు. ఒక మగ్గం ఆపితే ఆ ఒక్కదాని కరెంటే ఆగుతుంది, పక్కదానికి నష్టం లేదు. అందరూ ఒకే గంటకు రావాల్సిన యాంత్రిక కారణం ఇక్కడితో తీరిపోయింది. కానీ గేటు అలాగే ఉంది, సైరన్ కూడా. ఎందుకంటే ఇప్పుడు లెక్క బొగ్గుది కాదు, యంత్రం మీద పెట్టిన పెట్టుబడిది. రాత్రంతా ఊరికే ఉన్న మగ్గం మీద కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి రెండు షిఫ్టులు, ఆపై మూడు.

మారింది చట్టం మాత్రమే, అదీ నెమ్మదిగా. 1911లో 12 గంటలు. 1922లో రోజుకు 11, వారానికి 60. 1934లో 10, వారానికి 54. 1946లో 9, వారానికి 48. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్నే నిలబెట్టింది. ఒక్కో గంట తగ్గడానికి పదేళ్లకు పైగా పట్టింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచేందుకు ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటల పరిమితిని మార్చలేదు. రోజు అంకె మాత్రం 1934 నాటిది.

అయితే చట్టంలో గంటల అంకె ఎంత అన్నదాని కంటే, అది ఎవరికి వర్తిస్తుందన్నది పెద్ద ప్రశ్న. బొంబాయి మిల్లులు 1982 సమ్మె తర్వాత ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నేత భివండీ, సిరిసిల్ల లాంటి చోట్లకు చిన్న చిన్న షెడ్డులుగా విడిపోయింది. అక్కడికి వెళ్లిన తెలంగాణ కార్మికులూ, అక్కడి నుంచి తిరిగొచ్చినవారూ ఎందరో. సిరిసిల్లలో ప్రతి మరమగ్గానికీ సొంత మోటారు ఉంది. స్విచ్ నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే నడుస్తుంది. గుంట మగ్గం కాలపు స్వేచ్ఛ తిరిగి రావడానికి యంత్రపరంగా అడ్డేమీ లేదు. కానీ ఒక్కో కార్మికుడు ఒకేసారి పలు మగ్గాలను చూసుకుంటాడు, కూలి పిక్కుల లెక్కన వస్తుంది, షిఫ్టు 12 గంటలు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 చట్టం కరెంటుతో నడిచే చోట కనీసం పదిమంది ఉంటేనే దాన్ని ఫ్యాక్టరీగా గుర్తించేది. అది లెక్కపెట్టింది మనుషుల్ని, మగ్గాల్ని కాదు. తొమ్మిది మందితో రాత్రంతా నడిచే షెడ్డు ఆ లెక్కకు అందేది కాదు.